‘పచ్చని గోడ’ ఎంత ఎత్తు? – తీర చిత్తడి నేలల రక్షణవాదంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మడ అడవులు, ఉప్పు చిత్తడులు, సముద్రపు గడ్డి పడకలు తుపానుల నుండి తీరాన్ని కాపాడతాయన్న మాట నేడు పాఠ్యపుస్తకం నుండి ప్రభుత్వ పథకం దాకా అంతటా వినిపిస్తున్నది. ఈ మాటలో సత్యముంది. కాని దానిని మోసుకొస్తున్న ‘పచ్చని గోడ’ అనే రూపకం ఆ సత్యాన్ని కొంత పెంచి, కొంత మరుగుపరచి చూపుతున్నది. పరంగిపేట, కేంద్రపడ అధ్యయనాలను, వాటిపై జరిగిన వాదోపవాదాలను పరిశీలించి, ఈ రక్షణకు ఉన్న నిజమైన పరిధి ఏమిటో, రూపకం విధానంగా మారినప్పుడు ఏమి జరుగుతుందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మడ అడవులు, ఉప్పెన, సముద్రపు గడ్డి, సరుగుడు, దివిసీమ, కేంద్రపడ, గోదావరి డెల్టా.

1. ప్రవేశిక

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన సుమారు పదివేల మంది ప్రాణాలను బలిగొన్నది. తెలుగునాట సముద్రతీరం గురించి ఆ తరువాత ఎవరు రాసినా ఆ రోజు నీడ ఆ రాత మీద పడుతూనే ఉంది. నగ్నముని ‘కొయ్యగుర్రం’ ఆ విపత్తును ప్రకృతి వైపరీత్యంగా మాత్రమే కాక పాలనావ్యవస్థ వైఫల్యంగా కూడా చదివిన కావ్యం. విపత్తుకు కారణం సముద్రమా, మనుషులు చేసుకున్న ఏర్పాట్లా అన్న ప్రశ్నను తెలుగు సాహిత్యం అప్పుడే వేసింది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఈ ప్రశ్నకు కొత్త సమాధానం ఒకటి బలపడింది. తీరంలో చెట్లుంటే ఊళ్లు నిలిచేవని, చెట్లను నరికినందువల్లనే ఊళ్లు పోయాయని ఆ సమాధానం సారాంశం. ‘జీవకవచం’, ‘పచ్చని గోడ’, ‘బయోషీల్డ్’ అనే పేర్లు పత్రికల్లోకి, ప్రభుత్వ నివేదికల్లోకి, పరిశోధన పత్రాల శీర్షికల్లోకి వచ్చి చేరాయి. కవచమైనా గోడైనా ఆయుధానికి ఎదురునిలిచే వస్తువే. అది ఉంటే రక్షణ, లేకుంటే నాశనం. మధ్యస్థితికి ఆ పదాల్లో చోటు లేదు.

ఈ వ్యాసం మడ అడవులకు వ్యతిరేకం కాదు. వాటి పక్షాన చెప్పదగిన మాటలు బలంగానే ఉన్నాయి. అయితే బలమైన వాదానికి అతిశయోక్తి అవసరం లేదు. పైగా ఇక్కడ అతిశయోక్తికి మూల్యం సామాన్యమైనది కాదు. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి తమ ముందు ‘గోడ’ ఉందని నమ్మి ఇల్లు కదలని కుటుంబం ఆ మూల్యం చెల్లిస్తుంది.

2. అల, ఉప్పెన, సునామీ – మూడు వేర్వేరు ప్రమాదాలు

ఈ చర్చలో తొలి గందరగోళం నీటి గురించినదే. గాలి లేపే అల కొన్ని సెకన్లలో వచ్చి పోతుంది. ఉప్పెన అలాంటిది కాదు. తుపాను గాలులు లోతు తక్కువ సముద్రం మీద నీటిని తీరంవైపు నెట్టినప్పుడు, సముద్రమట్టమే గంటల తరబడి పెరిగి భూమి మీదికి వస్తుంది. వాయుపీడనం పడిపోవడం దానికి కొంత తోడవుతుంది. సునామీ సముద్రగర్భ కంపాల వల్ల పుట్టి, ఒక్కొక్క తరంగం అనేక నిమిషాలపాటు లోపలికి చొచ్చుకొస్తుంది. ఈ మూడింటినీ ‘రాకాసి అలలు’ అనే ఒకే మాటతో చెప్పడం వల్ల, ఒకదాని విషయంలో రుజువైన రక్షణను మిగతా రెండింటికీ అంటగట్టడం సులువవుతున్నది.

మడచెట్ల ఊడవేళ్లు, నేలలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్లు, కాండాలు, కొమ్మలు నీటి ప్రవాహానికి రాపిడి కలిగించి దాని శక్తిని హరిస్తాయి. చిన్న అలల విషయంలో ఈ ప్రభావం గణనీయం. క్షేత్ర పరిశీలనలను క్రోడీకరించిన సమీక్షల ప్రకారం 100 మీటర్ల మడ అడవి అల ఎత్తును 13 నుండి 66 శాతం వరకు తగ్గించగలదు. ఉప్పెన విషయంలో అవే సమీక్షలు చెప్పే లెక్క వేరు. ఒక కిలోమీటరు వెడల్పు మడ అడవి నీటిమట్టాన్ని తగ్గించేది 5 నుండి 50 సెంటీమీటర్లు మాత్రమే.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి దివిసీమను తలచుకుంటే విషయం తేటపడుతుంది. 1977 ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. ఊరికీ సముద్రానికీ మధ్య అర కిలోమీటరు మడ అడవి ఉందనుకొని, అత్యంత అనుకూలమైన రేటు తీసుకున్నా తగ్గే మట్టం 25 సెంటీమీటర్లు. మిగిలిన నాలుగుమీటర్ల డెబ్బైఅయిదు సెంటీమీటర్ల నీరు ఊరి మీదికి వస్తుంది. ఇది స్థూలమైన అంచనాయే అయినా, ‘గోడ’ అనే పదం ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో చూపడానికి చాలు.

అయితే ఇదే లెక్కను రెండోవైపు నుండి కూడా చదవాలి. ఉప్పెన రోజున ఇళ్లను కూల్చేది పెరిగిన నీటిమట్టం ఒక్కటే కాదు, ఆ నీటి మీద స్వారీచేస్తూ వచ్చే అలల తాకిడి కూడా. మట్టాన్ని అంతగా తగ్గించలేని అడవి ఆ అలల తాకిడిని తగ్గించగలదు, నీటి వేగాన్ని మందగింపజేయగలదు, కొట్టుకొచ్చే దుంగలను, పడవలను కొంతవరకు ఆపగలదు. జర్మనీలోని హానోవర్‌లో 300 మీటర్ల పొడవైన ప్రయోగశాల కాలువలో సహజమైన ఉప్పు చిత్తడి నేలను పరచి, ఉప్పెన స్థాయి నీటిలో అలలు పుట్టించి చేసిన ప్రయోగం (2014) ఈ అవగాహనకు ఊతమిచ్చింది. కేవలం 40 మీటర్ల చిత్తడి మీద అలలు గమనించదగినంత తగ్గాయి. ఆ తగ్గుదలలో 60 శాతం వరకు మొక్కల వల్ల జరిగినదే. మొక్కలు వంగి విరిగినా వాటి కింది నేల మాత్రం కోతపడకుండా నిలిచింది. ఈ ఫలితాన్ని బట్టి చిత్తడి నేల నీటిని బయటే నిలిపివేసే అడ్డుకట్టగా పనిచేయదు. లోపలికి వచ్చే నీటి ఉద్ధృతిని తగ్గిస్తుంది, తన కింది మట్టిని పట్టి ఉంచుతుంది.

రక్షణను ఒకే సంఖ్యకు కుదించే ప్రయత్నం మనదేశానికే పరిమితం కాదు. అమెరికాలోని లూసియానా తీరంలో 14.5 కిలోమీటర్ల చిత్తడి నేలకు ఒక మీటరు చొప్పున ఉప్పెన తగ్గుతుందనే సూత్రం 1960ల నుండి దశాబ్దాలపాటు చలామణి అయింది. తుపాను దారి, వేగం, అది తీరంలో నిలిచే వ్యవధి, నేల వాలు మారితే ఈ నిష్పత్తి కూడా మారుతుందని తరువాతి పరిశోధకులు చూపారు. చురుకుగా సాగిపోయే తుపాను నీటిని చిత్తడి కొంత ఆపుతుంది. నింపాదిగా కదిలే తుపాను విషయంలో చిత్తడి నిండిపోయాక నీరు దానిని దాటుకొని వస్తుంది.

3. సాక్ష్యాల పరిశీలన: పరంగిపేట నుండి కేంద్రపడ దాకా

సునామీ తరువాత వెలువడిన అధ్యయనాల్లో విస్తృతంగా ఉదహరించబడినది కె. కదిరేశన్, ఎన్. రాజేంద్రన్‌ల 2005 నాటి పత్రం. తమిళనాడులోని పరంగిపేట తీరంలో 18 పల్లెలను పరిశీలించి, మడ అడవులు, ఇతర తీర వృక్షజాలం ఉన్నచోట ప్రాణనష్టం తక్కువగా ఉందని వారు తేల్చారు. అదే ఏడాది ‘సైన్స్’ పత్రికలో కడలూరు తీరంపై ఫిన్ డేనియల్సన్ బృందం ప్రచురించిన పత్రం కూడా అదే దిశలో సాగింది. ఈ రెండు పత్రాలూ విధానకర్తలకు వెంటనే ఆధారమయ్యాయి.

మరుసటి ఏడాది కెర్, బేర్డ్, క్యాంప్‌బెల్ పరంగిపేట సమాచారాన్నే తీసుకొని తిరిగి విశ్లేషించారు. పల్లె సముద్రానికి ఎంత దూరంలో ఉంది, ఎంత ఎత్తులో ఉంది అన్న రెండు అంశాలను ముందుగా లెక్కలోకి తీసుకుంటే, వృక్షజాల విస్తీర్ణం అదనంగా వివరించగలిగే తేడా ఒక శాతం లోపే అని వారు చూపారు. కారణం సుబోధకమే. అడవి వెనుక ఉన్న పల్లె సహజంగానే సముద్రానికి దూరంగా ఉంటుంది. అలాంటి పల్లె నిలిచినప్పుడు ఘనత అడవిదా, దూరానిదా అన్నది వేరుచేసి చూడకుండా నిర్ణయించలేము. ఈ విమర్శ మడ అడవులు నిష్ప్రయోజకమని నిరూపించలేదు. అవి కాపాడాయని చెప్పడానికి చూపిన రుజువు చాలదని మాత్రమే నిరూపించింది. ఈ తేడాను ఇరుపక్షాల అనుయాయులూ తరచు విస్మరించారు.

ఈ లోటును చాలావరకు పూరించినది సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్‌ల 2009 నాటి అధ్యయనం. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహాతుపానులో కేంద్రపడ జిల్లాలోని కొన్ని వందల గ్రామాల మరణాల లెక్కలను వారు తీసుకున్నారు. సముద్రానికి దూరం, నేల ఎత్తు, ప్రజల ఆర్థిక స్థితి వంటి అంశాలతోపాటు, గతంలో మడ అడవి ఎంతవరకు విస్తరించి ఉండేదన్న విషయాన్ని కూడా నమూనాలో చేర్చారు. ఈ చివరి అంశం కీలకం. ఒకప్పుడు మడ ఉన్న నేల సహజంగానే పల్లం. ఇప్పుడు అక్కడ మడ లేకపోవడం వల్ల నష్టం జరిగిందా, నేల పల్లం కావడం వల్ల జరిగిందా అన్న సందేహానికి ఇది సమాధానమిస్తుంది. ఇన్ని అంశాలను కలుపుకున్నా, తమకూ తీరానికీ మధ్య వెడల్పైన మడ అడవి ఉన్న గ్రామాల్లో మరణాలు స్పష్టంగా తక్కువగానే ఉన్నాయి. మడ అడవి పూర్తిగా లేకుండా ఉంటే, తీరానికి 10 కిలోమీటర్ల లోపు గ్రామాల్లో ఒక్కొక్క ఊరికి సగటున మరో 1.72 మరణాలు సంభవించేవని వారి అంచనా.

ఈ అధ్యయనాన్ని ఉటంకించేవారు తరచు వదిలివేసే వాక్యం ఒకటి అందులోనే ఉంది. మడ అడవులు కాపాడిన ప్రాణాలకంటే ప్రభుత్వం ముందుగా జారీచేసిన హెచ్చరిక కాపాడిన ప్రాణాలే ఎక్కువ అని రచయితలు తామే నిర్ద్వంద్వంగా చెప్పారు. తమ వాదాన్ని బలహీనపరచేదిగా కనిపించే విషయాన్ని దాచకుండా చెప్పినందువల్లనే ఆ పత్రానికి విశ్వసనీయత పెరిగింది. దాని గణాంక పద్ధతిపై తరువాత వాదప్రతివాదాలు జరిగినా, ఈ రంగంలో ఆనుకోదగిన సాక్ష్యాల్లో అది ముందువరుసలో నిలుస్తుంది. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో లక్షలాది ప్రజలను ముందే తరలించారు. 1999తో పోలిస్తే ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. అడవి, హెచ్చరిక, తుపాను షెల్టరు ఒకదానికొకటి తోడు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది అక్కరలేదని కాదు.

4. సముద్రపు గడ్డి: తుపాను రోజుకు కాదు, తుపానుల మధ్య కాలానికి

మడ అడవికి చెప్పిన మాటలనే సముద్రపు గడ్డికీ వర్తింపజేయడం మరో సాధారణ దోషం. సముద్రపు గడ్డి నాచు కాదు. వేళ్లు, పూలు, విత్తనాలు గల మొక్క. సూర్యకాంతి అందే లోతు తక్కువ నీటిలో పెరుగుతుంది. మనదేశంలో పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దీవుల చుట్టూ దీని పడకలు విస్తారంగా ఉన్నాయి. వీటిని మేసి బతికే సముద్రపు ఆవుల కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ జలసంధిలో 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. గోదావరి, కృష్ణా ముఖద్వారాల వద్ద నీరు ఒండ్రుతో మలినంగా ఉండి వెలుగు లోపలికి దిగదు. కనుక ఆ తీరంలో అంతటి పడకలకు అవకాశం తక్కువ. పాక్ జలసంధి గురించి చెప్పిన మాటను కాకినాడకు యథాతథంగా తెచ్చుకోలేము.

ఈ గడ్డి ఆకులు నీటిలోతులో ఎక్కువ భాగాన్ని ఆక్రమించి ఉన్నప్పుడు అలలను బాగా నెమ్మదింపజేస్తాయి. ఉప్పెన వచ్చి నీటిమట్టం మూడు, నాలుగు మీటర్లు పెరిగితే ఆకులు అడుగున ఎక్కడో మిగిలిపోతాయి. పైన సాగే అలపై వాటి ప్రభావం బాగా తగ్గుతుంది. కాబట్టి దీనిని తుపానుకు ‘కవచం’ అనడం సరికాదు. దాని అసలు సేవ వేరు. నేలలో అల్లుకున్న దుంపవేళ్లు ఇసుకను, ఒండ్రును పట్టి ఉంచుతాయి. రోజువారీ అలలు సముద్రపు అడుగును కోసుకుపోకుండా ఆపుతాయి. తుపాను వచ్చేనాటికి తీరం ముందు నేల ఎంత నిండుగా, లోతు తక్కువగా ఉంటే అల అంత త్వరగా విరుగుతుంది. సముద్రపు గడ్డి ఏళ్ల తరబడి చేసే పొదుపు ఆ ఒక్కరోజున అక్కరకు వస్తుంది. ఈ రకమైన సేవను ఒక్క తుపాను తరువాత సర్వేచేసి కొలవలేము. కొలవలేనందువల్ల అది విధానపత్రాల్లో పేరుకే మిగులుతున్నది.

5. రూపకం నుండి పథకానికి: సరుగుడు తోపుల ప్రశ్న

‘గోడ’ అనుకున్నాక దాన్ని ఏ ఇటుకతో కట్టినా ఒకటే అనిపిస్తుంది. సునామీ తరువాత మన తూర్పుతీరంలో జరిగినది ఇదే. జీవకవచం పేరిట విస్తృతంగా నాటినది ప్రధానంగా సరుగుడు. అది త్వరగా పెరుగుతుంది, కర్రకు గిరాకీ ఉంది, మొక్క సులభంగా దొరుకుతుంది, నాటిన విస్తీర్ణం కాగితం మీద చూపడానికి అనువుగా ఉంటుంది. తీరప్రాంత రైతుకు అది ఆదాయమిచ్చే పంట. ఆ ప్రయోజనాన్ని ఎవరూ కాదనరు. కాని పంటను కవచమనడంలోనే చిక్కు ఉంది. పంట కోతకు వస్తుంది. కోసిన ఏడాది తుపాను వస్తే ఆ కవచం ఎక్కడ ఉంటుంది?

ఫీగిన్ తదితరులు 2010లో చేసిన విమర్శ ఈ సందర్భంలో గమనార్హం. జీవకవచాల పేరిట స్థానికం కాని ఒకే జాతి చెట్లను నాటడం వల్ల ఇసుకదిబ్బల సహజ వృక్షజాలం, తాబేళ్లు గుడ్లుపెట్టే ఇసుకతీరాలు దెబ్బతింటున్నాయని వారు హెచ్చరించారు. మన తీరంలో ఇసుకదిబ్బను నిలబెట్టేవి రావణాసురుని మీసాలని పిలిచే గడ్డి, ఇసుక మీద పాకే తీగలు, మొగలి పొదలు. సరుగుడు ఆకుల మందపాటి రాలుడు కింద వీటిలో చాలావాటికి చోటుండదు. తీరంలో తొలి రక్షణ నిజానికి దిబ్బ ఎత్తే. దిబ్బను చదునుచేసి చెట్లు నాటడమంటే ఉన్న రక్షణను తీసివేసి లేని రక్షణకు పేరు పెట్టడమే.

మడ మొక్కల విషయంలోనూ ఇదే పొరపాటుకు అవకాశముంది. ఫిలిప్పీన్స్‌లో మడ అడవుల పునరుద్ధరణ పేరిట, సహజంగా మడ పెరగని బురద మైదానాల్లోనూ సముద్రపు గడ్డి పడకల మీదా పొన్న జాతి మొక్కలను నాటిన అనుభవం ఉంది. వాటిలో అధికభాగం చనిపోయాయి. ఒక తీర వ్యవస్థను నాశనం చేసి, మరొకటి రాకుండా పోయిన ఉదంతమది. కేంద్ర ప్రభుత్వం 2023–24 బడ్జెట్‌లో ప్రకటించిన ‘మిష్టి’ పథకం ఐదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్లలో మడ అడవుల పెంపకాన్ని, పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్నది. లక్ష్యం శ్లాఘనీయం. అయితే లక్ష్యాన్ని విస్తీర్ణంలో కొలిచినప్పుడు, సులభంగా నాటగల చోట నాటాలనే ఒత్తిడి పెరుగుతుంది. మడ పెరిగే చోటు ఏది అన్న ప్రశ్న వెనక్కు పోతుంది.

6. మడకు ఆధారం మట్టి, ఆటుపోటు

గోడ ఒకసారి కడితే నిలుస్తుంది. మడ అడవి అలా నిలవదు. దానికి నది తెచ్చే ఒండ్రు, మంచినీరు, సముద్రపు ఆటుపోటు నిత్యం అందాలి. పిచ్చావరంలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ చేసిన పరిశీలన ఈ విషయాన్ని స్పష్టం చేసింది. గతంలో అడవిని కూపుల వారీగా మొత్తంగా నరికినచోట నేల ఎండకు గురై కుంగింది. ఆ పల్లంలో పోటునీరు వచ్చి నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుపోయింది. అక్కడ మొక్క నాటినా బతకదు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోటుకు దారి కల్పించిన తరువాతనే మడ తిరిగి వచ్చింది. ఇదే పద్ధతిని తరువాత గోదావరి, కృష్ణా డెల్టాలలోనూ అమలుచేశారు. అక్కడ పునరుద్ధరించినది ముందుగా నీటి నడకను, ఆ తరువాతే చెట్లను.

ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన మడ అడవి విస్తీర్ణం అటవీ సర్వేల ప్రకారం దాదాపు 400 చదరపు కిలోమీటర్లు. అందులో పెద్దభాగం కోరంగి పరిసరాల్లోనూ కృష్ణా ముఖద్వారం వద్దనూ ఉంది. 1990లలో తీరమంతటా రొయ్యల చెరువులు విస్తరించిన తీరు, దానిపై 1996 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు విదితమే. కాని చర్చకు అంతగా రాని ముప్పు మరొకటి ఎగువన ఉంది. గోదావరి తెచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990లకు సగానికి పైగా తగ్గిందని, డెల్టా అంచు కోతపడుతున్నదని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన బి. హేమ మాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ‘కరెంట్ సైన్స్’లో ప్రకటించారు. ఆనకట్టల పర్యవసానమా అన్న భావాన్ని తమ పత్రం శీర్షికలో పెట్టి, దాని పక్కన ప్రశ్నార్థకాన్ని కూడా ఉంచారు. సాక్ష్యం ఎంతవరకు వెళ్తే అంతవరకే వెళ్లే ఆ నిగ్రహం ఈ రంగంలో అందరూ అలవరచుకోదగినది.

ఒండ్రు రాని డెల్టా కుంగుతుంది. సముద్రమట్టం పెరుగుతుంది. మడ అడవి సహజంగా వెనక్కు, భూమివైపు జరగాలి. వెనుక రొయ్యల చెరువుల గట్లు, రోడ్లు, కరకట్టలు ఉంటే జరగడానికి చోటుండదు. ఈ మూడింటి మధ్య చిక్కిన అడవికి ‘రక్షణ కవచం’ అని పేరు పెట్టి ఊరుకోవడమంటే, దాని బాధ్యతను పెంచి దాని ఆధారాన్ని తీసివేయడమే.

7. ముగింపు

పై పరిశీలన నుండి తేలే అంశాలు ఇవి. తీర చిత్తడి నేలలు అలల తాకిడిని గణనీయంగా, ఉప్పెన మట్టాన్ని స్వల్పంగా తగ్గిస్తాయి. వెడల్పైన, సహజమైన మడ అడవులు 1999లో ప్రాణాలు కాపాడాయనడానికి బలమైన సాక్ష్యం ఉంది. హెచ్చరిక అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడిందనడానికీ అదే సాక్ష్యం. సముద్రపు గడ్డి సేవ నిత్యమైనది, నిదానమైనది. దానిని తుపాను రోజు లెక్కతో కొలవకూడదు. చెట్లు నాటడం పునరుద్ధరణలో చివరి మెట్టు. నీరు, ఒండ్రు, వెనక్కు జరగడానికి చోటు అంతకు ముందరి మెట్లు.

సముద్రపు ఒడ్డుకు తెలుగులో ‘చెలియలికట్ట’ అనే పాతమాట ఉంది. గోడకంటే కట్ట అనే భావనే ఇక్కడ యుక్తంగా తోస్తుంది. చెరువుకట్ట ఎలాంటిదో తెలుగు రైతుకు తెలుసు. దానికి ఏటా మట్టి వేయాలి, గండి పడితే పూడ్చాలి. ఎంత గట్టి కట్టకైనా పొర్లే రోజు ఒకటి ఉంటుందని తెలిసి, ఆ రోజుకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. మడ అడవి గురించి విద్యార్థులకు పాఠం చెప్పేవారు, విధానపత్రాలు రాసేవారు ఈ మూడు విషయాలనూ కలిపి చెప్పగలిగితే, తీరపు ఊరు అడవిని కాపాడుకుంటుంది, హెచ్చరిక రాగానే షెల్టరుకూ నడుస్తుంది.